అతుకుల మీద నల్ల రంగు

"ఈ అతుకులు గ్రైండ్ చేసిందెవరు?"

తనిఖీ లైన్లో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న అదొక్కటే. మా ట్రక్కు తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, సీటు వెనకాల రోల్ బార్ కాలు క్యాబిన్ నేలను తాకే చోట బొటనవేలితో రెండుసార్లు రాశాడు. అక్కడ అతుకు ఉందని కూడా తెలియదు, అంత నున్నగా ఉంటుంది. గ్రైండ్ చేసింది నెల్లూరోడు. చెయ్యమన్నది నేను. నల్ల రంగు డబ్బా తెచ్చింది అనంతపురం తమ్ముడు. ఫొటో తీసి గ్రూపులో పెట్టింది కరీంనగర్ అన్న. ఆ బార్ కింద కూర్చుని గంటకు నూట ఇరవై మైళ్ళ వేగంతో పోవాల్సినవాడు గుంటూరోడు. ఎవరు చేశారని అడిగేసరికి ఐదుగురం ఒక్క గొంతుతో "మేమే" అన్నాం. మెచ్చుకుంటాడనుకున్నాం.

ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, "గ్రైండ్ చేసిన అతుకు నాకేమీ చెప్పదు" అని కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, బండి బయటికి తీసుకుపొమ్మన్నాడు.

ఆ గీత ఎందుకు కొట్టాడో మాకు బోధపడటానికి ఇంకో ఎనిమిది రోజులు పట్టింది. ఐదుగురిలో కాస్త రాయడం వచ్చినవాణ్ణి నేనే కనక రాస్తున్నాను. తప్పు ఐదుగురిదీ. వాటాలు వేస్తే నాది కొంచెం ఎక్కువే.

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లానో వైపు ఉండే తెలుగువాళ్ళకు మా బాపతు మనుషులు కొత్త కాదు. వారమంతా కోడు రాసుకుంటాం. శనివారం పొద్దున పిల్లల్ని కూచిపూడి క్లాసులో దింపి, వచ్చి గ్యారేజీ తలుపు ఎత్తుతాం. ఐదుగురిలో ముగ్గురం మెకానికల్ బీటెక్. చదివింది థర్మోడైనమిక్స్, అన్నం పెడుతున్నది జావా. మొదటి ఏడాది వర్క్‌షాపు క్లాసులో ఫిట్టింగు, కార్పెంటరీ, ఫౌండ్రీలతో పాటు వెల్డింగు కూడా ఉండేది. బట్ జాయింటు ఒకటి, లాప్ జాయింటు ఒకటి చేసి చూపించాలి. ముప్పై మందికి రెండే హోల్డర్లు. ముక్కలు అతికించేది అటెండరు, చుట్టూ నిలబడి చూసేది మేం. రికార్డు మాత్రం దివ్యంగా రాశాం. సీనియర్ దగ్గర పుస్తకం తెచ్చుకుని, స్కేలు పెట్టి బొమ్మలు గీసి, కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టించుకున్నాం. వెల్డింగు వచ్చినట్టే అనుకున్నాం. పాతికేళ్ళ తరవాత కూడా అలాగే అనుకుంటున్నామని మాకు తెలియదు.

బండి షెవ్రొలె ఎస్-10. తొంభైల నాటిది, ఇద్దరు పట్టే చిన్న క్యాబిన్, వెనక తొట్టి. తుక్కు యార్డులో పడి ఉన్న సిల్వరాడో నుంచి 5.3 లీటర్ల వి-8 ఇంజను పీకి ఇందులో కూర్చోబెట్టాం. దాని నెత్తిన ఒక టర్బో. ఈ చిన్న ట్రక్కులంటే డ్రాగ్ రేసు వాళ్ళకు మోజు ఎందుకంటే చవక, తేలిక, పెద్ద ఇంజను పెట్టినా బానెట్ కింద చోటుంటుంది. చిక్కేమిటంటే బరువంతా ముందు, వెనక తొట్టి ఖాళీ. శక్తి పోయేది వెనక చక్రాలకు. పట్టు దొరక్కపోతే తోక అటూ ఇటూ విసురుతుంది. ఒక్కోసారి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బండి టైరు ఎక్కడో ఒకచోట నేలను కరుస్తుంది, ఆ తరవాత పల్టీయే. ఇవన్నీ మాకు తెలుసు. గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్తున్నా, తెలియక చేసింది ఇందులో ఒక్కటీ లేదు.

ఆట తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. రెండు బండ్లు, తిన్నని దారి, పావు మైలు. అంటే 1,320 అడుగులు, మన లెక్కలో 402 మీటర్లు. లైటు పచ్చబడగానే బయల్దేరడం, అవతలి గీత దాటగానే గడియారం ఆగడం. చేతికి ఒక చీటీ ఇస్తారు, దాని మీద సెకన్లు, వేగం. 1951లో పుట్టిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ వాళ్ళ నిబంధనల పుస్తకమే అక్కడ చాలా ట్రాకులకు వేదం. అందులో మా పాత బండి లాంటి వాటికి లెక్క ఇది: పావు మైలును 11.49 సెకన్లలో గానీ ఇంకా త్వరగా గానీ దాటితే రోల్ బార్, అంటే పల్టీ కొడితే మనిషిని కాచే ఇనుప కమాను, ఉండి తీరాలి. 9.99కి దిగినా, వేగం 135 మైళ్ళకు చేరినా బార్ చాలదు, మనిషి చుట్టూ పూర్తి పంజరం కావాలి.

మా ట్రక్కు మూడో వారానికే 11.4 పలికే స్థితికి వచ్చింది. బార్ వేయించాలంటే మంచి షాపులో టర్బోకు పెట్టినంత ఖర్చు. పైగా బార్ వేస్తే బండి బరువు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. అప్పుడు మేం కనిపెట్టిన ఉపాయం కొత్తదేమీ కాదు, ఆ ట్రాకుల్లో చాలామంది చేసేదే. గుంటూరోడు వెయ్యి అడుగుల దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసేవాడు. బోర్డు మీద 11.6, 11.7 పడేది. చీటీ చూసుకుని నవ్వుకునేవాళ్ళం. "చూశావా బావా, పుస్తకానికి చిక్కకుండా ఎట్లా పోతున్నామో!" మేం తగ్గించింది గడియారంలో అంకెను. వెయ్యి అడుగుల దగ్గరికి వచ్చేసరికి బండి ఎంత వేగంతో ఉండాలో అంతలోనూ ఉంది. పల్టీ కొట్టాల్సి వస్తే అది చీటీ అడిగి కొట్టదు.

ఆ ఏడాది మేం చేసిన ఇంకో పని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. బార్ లేదు గానీ ఐదు పాయింట్ల బెల్టు పెట్టాం. చూడ్డానికి రేసు బండిలా ఉంటుందని. భుజాల మీంచి వచ్చే పట్టీలను సీటు వెనక నేలకు బిగించాం, ఎందుకంటే కట్టడానికి బార్ లేదు కదా. మామూలు కారు బెల్టయితే పైకప్పు కిందికి దిగినప్పుడు మనిషి పక్కకు ఒరుగుతాడు. ఈ బెల్టు ఒరగనివ్వదు. మనిషిని నిటారుగా పట్టుకుని, మీదికి వచ్చే రేకుకు తల అప్పగిస్తుంది. గుద్దుకుంటేనో, నేలకు లాగి కట్టిన పట్టీలు భుజాలను కిందికి నొక్కి వెన్ను మీదికి తెస్తాయి. భుజం ఎత్తులో అడ్డబార్ ఉండాలనేది, పట్టీలు దాదాపు తిన్నగా వెనక్కి పోయి దానికి చుట్టుకోవాలనేది అందుకే. బార్ వేశాక కట్టాల్సిన దాన్ని ముందే కట్టి, ఎర్ర పట్టీలతో ఫొటోలు దిగాం.

ఇంట్లోవాళ్ళకు చెప్పిన అబద్ధం వేరే ఉంది. బండి కొన్నప్పుడే వెనక తొట్టిలో మెరిసే క్రోమ్ బార్ ఒకటి ఉంది, దాని మీద నాలుగు లైట్లు. ఎనభైల్లో పికప్ ట్రక్కులకు అదొక సోకు. పలచని గొట్టం, తొట్టి రేకుకు బోల్టులతో బిగించి ఉంటుంది. మనిషి కూర్చునే క్యాబిన్‌కూ దానికీ సంబంధం లేదు. మా ఆవిడ ఒకసారి "పడితే ఎట్లా?" అని అడిగితే దాన్నే చూపించాను. "రోల్ బార్ ఉంది కదా, భయమేముంది?" అన్నాను. నలుగురూ నా వైపు చూసి, తలలూపారు.

చివరికి బార్ వేద్దామన్నది కూడా భయంతో కాదు. అసలు వేగం ఎంతో బోర్డు మీద చూసుకోవాలన్న ఆశతో. బండి 11.2 పోతుందని నమ్మకం. ఆ అంకె చీటీ మీద పడాలంటే తనిఖీవాడికి బార్ కనిపించాలి. ఏం కావాలో కాదు, ఏం కనిపించాలో అన్నట్టుగా మొదలైంది పని.

నిబంధన బార్‌కు అడిగేది బయటి వ్యాసం 1.75 అంగుళాలు, మామూలు ఉక్కయితే గోడ మందం 0.118 అంగుళం. ఇంజనీర్లం కదా, అంకెలు పట్టుకున్నాం. హార్డ్‌వేర్ దుకాణంలో నల్ల పైపు దొరికింది. ఒకటిన్నర అంగుళం అని రాసి ఉంటుంది గానీ బయటి కొలత 1.9, గోడ 0.145. "అడిగిన దానికంటే ఎక్కువే ఇస్తున్నాం" అన్నాడు నెల్లూరోడు. పైపు వేరు, ట్యూబు వేరు అని రేసు బండ్ల దగ్గర చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. పైపు పుట్టింది నీళ్ళూ గ్యాసూ మోయడానికి, ట్యూబు పుట్టింది దెబ్బ కాయడానికి. దాన్ని పైపులు వంచే హైడ్రాలిక్ జాకీతో వంచాం. వంపు దగ్గర లోపలివైపు ముడత పడింది. ముడత గోడవైపు తిప్పి పెట్టాం.

ఎత్తు కొలిచిన తీరు ఇంకా చక్కన. బార్ పైభాగం హెల్మెట్‌కు కనీసం మూడు అంగుళాల ఎత్తున ఉండాలి, తలకు ఆరంగుళాల లోపు దూరంలో ఉండాలి. గుంటూరోడు ఆరడుగుల మనిషి. ఉత్త తలతో, కాస్త జారగిల కూర్చోబెట్టి కొలిచాం. "ఇంకొంచెం కిందికి దిగరా" అని కరీంనగర్ అన్న వాడి భుజం నొక్కాడు. హెల్మెట్ ఆ మూల అల్మారాలోనే ఉంది. పెట్టుకుంటే సీటు దించాలి, సీటు దించాలంటే నేల రేకు కొయ్యాలి. ఎవరమూ తీసుకురాలేదు.

ఇక వెల్డింగు. పికప్ ట్రక్కులో రోల్ బార్ వెయ్యడం కారులో వేసినట్టు కాదు. ఈ తరహా బండికి ఛాసీ వేరు, క్యాబిన్ వేరు. క్యాబిన్ రబ్బరు బుష్‌ల మీద ఛాసీ పైన కూర్చుని ఉంటుంది, వెనక తొట్టి మళ్ళీ వేరే. గతుకులో ఛాసీ ఒకలా మెలితిరిగితే క్యాబిన్ ఇంకోలా ఊగుతుంది. అందుకని బార్ కాళ్ళు క్యాబిన్ నేలను చీల్చుకుని కిందికి దిగి ఛాసీని పట్టుకోవాలి. వెనక ఊతాలు క్యాబిన్ వెనక గోడను చీల్చుకుని తొట్టిలోకి పోయి అక్కడ ఛాసీకి అతుక్కోవాలి. బుష్‌లు తీసేసి గట్టి లోహపు దిమ్మెలు పెట్టాలి. ఇవన్నీ చదివాం. చదివి, "రేపు అమ్మాలంటే గోడకు చిల్లు ఉంటే ఎవడు కొంటాడు?" అన్నాను నేను. కాళ్ళను క్యాబిన్ నేల రేకు మీదే నిలబెట్టాం. ఊతాలను వెనక గోడ రేకు దాకా తెచ్చి ఆపేశాం.

నేల రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. మీద నిలబడ్డ పైపు గోడ దానికి నాలుగింతలకు దగ్గర. మా దగ్గరున్నది ఇంటి ప్లగ్గులో పెట్టుకునే 120 వోల్టుల చిన్న మిషను. పైపును కరిగించేంత వేడి పెడితే రేకు చిల్లు పడుతోంది. రెండుసార్లు పడింది. అక్కడ ఆరంగుళాల చదరపు పలక, ఒకటి బై ఎనిమిది అంగుళాల మందంది, వేసుకుని దాని మీద అతకాలి. పలక తెచ్చుకోవాలంటే మళ్ళీ దుకాణానికి పోవాలి, బిర్యానీ చల్లారుతోంది. నెల్లూరోడు వేడి తగ్గించాడు. చిల్లులు ఆగిపోయాయి. అతుకు ఇనుము మీద ఎక్కి కూర్చుంది గానీ లోపలికి దిగలేదు. పైన గడ్డలు గడ్డలుగా, పిచ్చుక గూడులా ఉంది. "ఛీ, ఇట్లా ఉంటే ఎవడైనా నవ్వుతాడురా, నున్నగా చెయ్" అన్నది నేనే. అరగంట గ్రైండర్ పాడింది. తరవాత నల్ల రంగు.

అదే శని ఆదివారాల్లో ఇంకో బండికి కూడా వేశాం. ఓక్లహోమాలో ఉద్యోగం చేసే మిత్రుడొకడు తన ఎస్-10 తెచ్చుకున్నాడు. పైపు డబ్బులు వాడివి, కూలి మాది, బిర్యానీ వాడిది. రెండో బండికి చెయ్యి తిరిగింది, ఇంకా నున్నగా వచ్చింది.

ఆ వారమే దసరా. ట్రక్కు కడిగి, బార్‌కు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ ఆ ముడత పడ్డ వంపుకే కట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. గుమ్మడికాయ కొట్టింది అనంతపురం తమ్ముడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తనిఖీలో వెనక్కి పంపిన రోజు సాయంత్రం ఇంటికి వస్తూ కారులో మేం మాట్లాడుకున్నది రాయాలంటే సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇదంతా మళ్ళీ రికార్డు పుస్తకమే అవుతుంది. "మనోళ్ళం కాబట్టే ఆపిండు" అన్నాడు కరీంనగర్ అన్న. "తెల్లోడి బండైతే చూసి చూడనట్టు పోనిచ్చేవాడు" అన్నాను నేను. నిజానికి మాకు రెండు బండ్ల ముందు ఒక టెక్సాస్ కుర్రాడి మస్టాంగ్‌ను కూడా ఆయన పక్కకు తీయించాడు. బెల్టు మీద తేదీ రెండేళ్ళు దాటిపోయిందని. నిబంధన అదే, రెండేళ్ళకోసారి బెల్టు మార్చాలి, లేదా తిరిగి పరీక్ష చేయించాలి. ఆ కుర్రాడు టోపీ తీసి థాంక్స్ చెప్పి వెళ్ళాడు. ఐదుగురం చూశాం. ఇల్లు చేరేలోపు ఐదుగురం మరిచిపోయాం.

మరుసటి ఆదివారం ఆయన తప్పు నిరూపించడానికి వీడియో తీయాలనుకున్నాం. ఫోను స్టాండు మీద పెట్టాం. నెల్లూరోడు పది పౌన్ల సమ్మెట తెచ్చాడు. "ఎంత గట్టిగా కొట్టినా కదలదు, చూడండి" అని ఫోనుకు చెప్పి, తొట్టిలో నిలబడి, తీసేసిన వెనక అద్దం సందులోంచి బార్ నడినెత్తిన ఒకటి వేశాడు. మోగింది. రెండోది పక్కనుంచి వేశాడు. ఈసారి మోగలేదు. టప్పున చప్పుడై, ఎడమకాలు నేల మీంచి పైకి లేచింది. పిల్లలు నేలలో పాతిన జెండా కర్రను పీకితే వచ్చినట్టు వచ్చింది.

నేను వంగి చూశాను. పైపు అంచు మీద రంపం కోసిన గీతలు అలాగే ఉన్నాయి, నిన్న కోసినట్టు. అతుకు కరిగి ఉంటే ఆ గీతలు ఉండవు. ముప్పావు వంతు చుట్టూ లోహం పైపును ముట్టుకోనే లేదు. ముట్టుకున్న కాస్త భాగాన్ని గ్రైండర్ తినేసింది. మిగిలిన చోట రేకు తపాలా బిళ్ళ అంచులా చిరిగి కాలితో పాటు లేచింది. గ్రైండింగ్ నిషేధమని పుస్తకంలో ఎందుకు రాశారో ఆ గీతలు చెప్పాయి. అతుకు గడ్డగా ఉన్నా, వంకరగా ఉన్నా, చూసేవాడికి లోపలి కథ కొంత తెలుస్తుంది. నున్నగా చేస్తే కథ పోతుంది, బలమూ పోతుంది.

వీడియోలో ఆ తరవాత నిమిషంన్నర పాటు ఎవరూ మాట్లాడలేదు. గుంటూరోడు వచ్చి బార్ కింద తన సీటులో కూర్చుని, వెనక్కి తిరిగి ఆ కాలు వైపు చూస్తున్నాడు. కరీంనగర్ అన్న గొంతు వినిపిస్తుంది: "బంద్ చెయ్యిరా." అంతే. నల్ల రంగు ఫొటోకు గ్రూపులో నూటికి పైగా బొటనవేళ్ళు వచ్చాయి. ఈ వీడియో మా ఐదుగురి ఫోన్లలోనే ఉంది.

నా మట్టుకు నాకు ఇంకో లెక్క ఉంది. ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊళ్ళో కాలువ గట్టు మీద ట్రాక్టరు వెనక్కి తిరగబడింది. నడుపుతున్నవాడు మా వీధి మనిషే, నన్ను మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకుని తిప్పినవాడు. స్టీరింగుకూ నేలకూ మధ్య పోయాడు. "వాడి రాత" అన్నారు, నేనూ అన్నాను. వారానికి ట్రాక్టరు బాగై మళ్ళీ దమ్ములోకి దిగింది. స్వీడన్‌లో కొత్త ట్రాక్టర్లకు తిరగబడితే కాచే బార్ 1959లోనే తప్పనిసరి చేశారు. అమెరికాలో కూలికి పెట్టుకున్న మనిషి నడిపే ట్రాక్టర్లకు 1976 నుంచి ఉంది. టెక్సాస్ హైవేల పక్కన అమ్మకానికి పెట్టిన ట్రాక్టర్లలో మన దేశపు కంపెనీలవీ ఉంటాయి, వాటి సీటు వెనక కూడా ఆ కమాను నిలబడి ఉంటుంది. రోజూ ఆఫీసుకు పోతూ చూస్తాను. మా ఊళ్ళో దాన్ని ఎప్పుడూ చూడలేదు. అంటే బార్ లేకపోతే ఏమవుతుందో నాకు పదమూడేళ్ళకే తెలుసు. తెలిసీ, 2022లో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో వెనక సీట్లో బెల్టు లేకుండా పోయాడని వార్త వచ్చాక కూడా, మా నాన్న కారులో బెల్టు గంట మోగకుండా పెట్టే క్లిప్పు తీసెయ్యలేదు. అంతకు ముందు దాన్ని ఆన్‌లైన్లో కొని పంపింది నేనే. 2023 మేలో మన దేశపు వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు వెబ్‌సైట్ల నుంచి ఆ క్లిప్పుల్ని తీయించింది. మా నాన్న కారులోంచి ఎవరు తీయిస్తారు?

ఈ ఆట పెద్దవాళ్ళు ఇలాంటి చోట ఏం చేశారో కూడా చదివి ఉన్నాం. 2007 మార్చిలో ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో ఎరిక్ మెడ్లెన్ అనే ఫన్నీ కార్ తరగతి డ్రైవరు పరీక్ష పరుగులో ఉండగా టైరు విపరీతంగా అదిరింది. ఆ అదురుకు తల పంజరం లోపల కొట్టుకుంది. నాలుగు రోజులకు చనిపోయాడు. ముప్పై మూడేళ్ళు. ఆయన జట్టు యజమాని జాన్ ఫోర్స్ ఆటలో మహా విజేత, రాత అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. పంజరాన్ని వెడల్పు చేశారు, తల చుట్టూ మెత్తలు మందం చేశారు, మిగతా జట్లకూ చెప్పారు. అదే సెప్టెంబరులో ఫోర్స్ కారు ముక్కలైంది మా డాలస్ పక్కనే, ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌లో. కాళ్ళూ చేతులూ దెబ్బతిన్నాయి, ప్రాణం నిలిచింది. ఆ ట్రాకు చూడ్డానికి మేం ఏటా పోతాం. వాళ్ళ టీషర్టులు మా ఒంటి మీద ఉంటాయి.

మళ్ళీ బార్ వేయించాం, ఈసారి షాపులో. మెక్సికో మూలాలున్న వెల్డరొకాయన, అరవై దాటినవాడు. మా పాత బార్ కాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, ఏమీ అనకుండా తుక్కు డ్రమ్ములో వేశాడు. గుంటూరోణ్ణి హెల్మెట్‌తో కూర్చోబెట్టాడు, నిటారుగా. సీటు రెండంగుళాలు దించాడు. ట్యూబు చివరలను చేపనోరులా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెడితే మధ్యలో కాగితం దూరేంత సందు కూడా లేదు. "అతుకు సందు పూడ్చడానికి కాదు" అన్నాడు. నేలకు రంధ్రాలు కోసి కాళ్ళను ఛాసీ మీద కట్టాడు. నేను అంతగా కాపాడిన వెనక గోడకు పది నిమిషాల్లో చిల్లు పొడిచి ఊతాలు బయటికి పోనిచ్చాడు. అతుకుల మీద అలలు అలలుగా, వరసగా పేర్చిన నాణేల్లా గీతలు. రంగు వెయ్యబోతే వద్దన్నాడు, తనిఖీ అయ్యాక వేసుకోమన్నాడు. తల తగిలే చోట మెత్త చుట్టి, "ఇది రేసుకే. హెల్మెట్ లేకుండా దీన్ని రోడ్డు మీద నడిపితే ఈ ఇనుమే తల పగలగొడుతుంది" అని హెచ్చరించాడు. మేం అంతకుముందు పాత బార్‌తో, మెత్త లేకుండా, ఉత్త తలలతో కూరగాయలకు కూడా పోయొచ్చాం.

బండి తనిఖీ దాటింది. అదే పెద్దాయన. అతుకుల మీద వేలు పెట్టి రాసి, మందం చూసే మిషను ఆనించి, సంతకం పెట్టాడు. మమ్మల్ని గుర్తుపట్టాడో లేదో తెలియదు. గుర్తుపట్టకపోతే బాగుండునని ఐదుగురం తలలు దించుకునే ఉన్నాం.

ఇంతవరకూ చెప్పింది సులువైన భాగం. ఓక్లహోమా మిత్రుడికి మేం ఫోను చెయ్యలేదు. సమ్మెట దెబ్బ పడిన రోజు చెయ్యాల్సింది. "నువ్వు చెప్పు అన్నా", "వెల్డింగు వాడిది, వాణ్ణి చెప్పనీ", "మనది సరిచేసుకున్నాక చెబుదాం, అప్పుడైతే మొహం చెల్లుతుంది." ఇలా మూడు వారాలు గడిపాం. చేసేసరికి వాడు బండి అమ్మేశాడు. నగదుకు అమ్మాడట, కొన్నవాడి ఫోను నంబరు పనిచెయ్యట్లేదు. "ఏం, ఏమైంది?" అని వాడు అడిగాడు. చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. "నేను కొన్నవాడికి గట్టి బార్ ఉందని చెప్పి ఐదొందల డాలర్లు ఎక్కువ తీసుకున్నాను రా" అన్నాడు.

ఇప్పుడు ఐదుగురం వంతులు వేసుకుని రోజూ రాత్రి పాత బండ్ల అమ్మకాల ప్రకటనలు చూస్తాం. ఓక్లహోమా నాది, ఆర్కన్సా నెల్లూరోడిది. పోయిన గురువారం తుల్సా దగ్గర ఒక ఎస్-10 కనిపించింది. రంగు మార్చారు, అద్దాలకు నల్ల కాగితం అంటించారు, సీటు వెనక నల్లటి కమాను మసగ్గా తెలుస్తోంది. కింద రాసిన విశేషాల్లో మూడోది రోల్ బార్. ఫొటో పెద్దది చేసి ఎడమ కాలు మొదలు చూశాను. అతుకు ఉన్నట్టే కనిపించలేదు. ప్రకటన ఇచ్చినవాడికి నాలుగు మెసేజీలు పెట్టాను. బండి ఇంకా ఉందా అని అడిగితే పొద్దున జవాబు వచ్చింది, నిన్నే అమ్ముడుపోయిందట, ఎవరో కాలేజీ కుర్రాడికి.